మూడో ముక్క ఎక్కడ పెట్టాలి: ఊసరవెల్లుల ఆట గురించి

నెల్లూరు జిల్లాలో మా కావలి వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ పేకకట్టను పిల్లల కంట పడేలా ఉంచరు. పెళ్లిళ్లలోనూ సంక్రాంతి సెలవుల్లోనూ మగవాళ్లు మేడ మీద దుప్పటి పరుచుకుని రమ్మీ ఆడుకోవడం మామూలే అయినా, అదే కట్టను పగటిపూట వరండాలో విప్పితే ఇంటి పెద్దల ముఖం మారిపోతుంది. పేకాట అనగానే డబ్బు, అప్పు, పోలీసుల దాడి, మరుసటి రోజు జిల్లా పేజీలో వార్త గుర్తుకు వచ్చే ప్రాంతం మాది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. కోర్టు మాట ఎలా ఉన్నా, ప్రభుత్వం మాట ఎలా ఉన్నా, మా పెదనాయన తీర్పు మాత్రం మొదటి నుంచీ ఒక్కటే: పిల్లలున్న ఇంట్లో ఆసు, రాజు, రాణి కనపడకూడదు.

అటువంటి ఇంట్లోకి వేసవి సెలవుల్లో బెంగుళూరు నుంచి వచ్చిన మా చిన్నాయన కూతురు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చింది. తెరిస్తే లోపల ఉన్నవి ముక్కలే, కానీ వాటి మీద రాజులూ రాణులూ లేరు. చుట్టచుట్టుకున్న తోకలతో రంగురంగుల ఊసరవెల్లులు ఉన్నాయి. పెదనాయన ఒక ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది పిల్లకాయల బొమ్మలే గదమ్మా’ అని తిరిగి ఇచ్చారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో మధ్యాహ్నం పూట పేకాటకు అనుమతి దొరికింది. ముద్దొచ్చే జంతువు బొమ్మ ఒక ఆటకు చేయగలిగిన పెద్ద మేలు ఇదే అని నాకు అనిపిస్తుంది. ఆట లోపలి లెక్కతో ఊసరవెల్లికి పెద్ద సంబంధం లేదు, ఆ స్థానంలో పూలో గాలిపటాలో ఉన్నా లెక్క అలాగే సాగుతుంది. కానీ గుమ్మం దాటించింది మాత్రం ఊసరవెల్లే.

ఆట పేరు కొలొరెట్టో. దీనిని రూపొందించినది జర్మనీకి చెందిన మిఖాయేల్ షాఖ్ట్. 2003లో అబాకుస్‌ష్పీలె అనే జర్మన్ ప్రచురణ సంస్థ విడుదల చేసింది. ఇరవై ఏళ్లు దాటిన ఆట కనుక ఇందులో కొత్తదనం గురించి నేను చెప్పబోవడం లేదు. తేలికైన ఆట అంటూనే దీనిలో పోటీ ఎంత పదునుగా ఉంటుందో, ఆ పదును ఎవరినీ గాయపరచకుండా ఎలా నిలబడుతుందో చెప్పాలన్నది నా కోరిక. ఇలాంటి ఆటలు మూడు తరాలు కలిసి కూర్చునే ఇళ్లకు ఎంతో అవసరమని నేను నమ్ముతున్నాను.

నియమాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కట్టలో ఏడు రంగుల ఊసరవెల్లులు, ఒక్కో రంగువి 9 చొప్పున 63 ముక్కలు ఉంటాయి. ఇవి కాక ‘+2’ అని రాసిన కొసరు ముక్కలు 10, ఏ రంగుకైనా చెల్లే జోకర్లు 3. నలుగురు ఆడుతున్నారనుకుందాం. మొదట ఒక్కొక్కరికి ఒక్కో రంగు ముక్క ఇచ్చి, నేల మీద నాలుగు వరసలకు చోటు కేటాయిస్తారు. తన వంతు వచ్చిన మనిషి రెండు పనుల్లో ఒకటి చేయాలి. కట్ట పైనుంచి ఒక ముక్క తీసి, అందరికీ చూపించి, తనకు నచ్చిన వరసలో పెట్టాలి. లేదా అప్పటికే ముక్కలు పడిన ఒక వరసను మొత్తంగా ఎత్తుకుని ఆ రౌండు నుంచి తప్పుకోవాలి. ఒక వరసలో మూడు ముక్కలకు మించి పెట్టకూడదు. అందరూ ఒక్కో వరస ఎత్తుకున్నాక రౌండు ముగుస్తుంది, చివరగా ఎత్తుకున్న వారు తరువాతి రౌండు మొదలుపెడతారు. కట్ట అడుగున 15 ముక్కలు ఉండగా వాటి పైన ‘ఆఖరి రౌండు’ అని చెప్పే ముక్క ఒకటి ఉంటుంది. అది బయటపడిన రౌండుతో ఆట అయిపోతుంది.

లెక్క చూసే పద్ధతిలోనే ఆట ప్రాణం ఉంది. చేతిలో ఎన్ని రంగులున్నా, మనం ఎంచుకున్న మూడు రంగులకే లాభం వస్తుంది. తక్కిన రంగులన్నీ నష్టంలోకి పోతాయి. ఒక రంగువి ఒక్కటే ఉంటే 1, రెండు ఉంటే 3, మూడుకు 6, నాలుగుకు 10, అయిదుకు 15, ఆరు లేదా అంతకు మించితే 21. ఇదే పట్టిక లాభానికీ నష్టానికీ వర్తిస్తుంది. కొసరు ముక్క ఒక్కొక్కటి ఎప్పుడైనా 2 తెస్తుంది. ఉదాహరణకు ఆట ముగిసేసరికి ఒకరి దగ్గర పచ్చవి అయిదు, పసుపువి నాలుగు, నీలివి మూడు, మట్టి రంగువి రెండు, మరో రెండు రంగులవి ఒక్కొక్కటి ఉన్నాయనుకుంటే, లాభం 15, 10, 6 కలిసి 31; నష్టం 3, 1, 1 కలిసి 5; మిగిలింది 26. కొసరు ముక్కలు రెండు ఉంటే 30.

ఈ పట్టికను మా అవ్వకు వివరించడానికి పిల్లలు నానా తంటాలు పడుతుంటే ఆమె తానే దారి కనిపెట్టింది. రోజూ తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టే చేతికి ఈ అంకెలు కొత్తవి కావు. అయిదు చుక్కలు పెట్టి, పైన సందు చుక్కలుగా నాలుగు, మూడు, రెండు, ఒకటి వరకు పెట్టుకుంటూ పోతే మొత్తం పదిహేను చుక్కలవుతాయి. ఆరుతో మొదలుపెడితే ఇరవై ఒకటి. ‘అయిదు ముక్కలంటే అయిదు చుక్కలు ఒకటి దాకా’ అని ఆమె ఒక్కసారి అనుకున్న తరువాత పట్టిక చూడవలసిన అవసరం ఆమెకు మళ్లీ రాలేదు. అయిదో తరగతి చదివే మా మేనల్లుడు అదే రోజు సాయంత్రం చింతగింజలతో ఆ ముక్కోణాలన్నీ పేర్చి చూసుకున్నాడు. లెక్కల పుస్తకంలో త్రిభుజ సంఖ్యలు అన్న పేరుతో వాడికి ఎప్పుడో ఎదురుకాబోయేవి ఇవే.

అంకెలు ఇలా పెరగడం వల్ల ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూడాలి. ఒక రంగులో నాలుగో ముక్క కొత్తగా 4 తెస్తుంది, అయిదోది 5, ఆరోది 6. ఏడోది ఏమీ తేదు. అంటే మనకు లాభమిచ్చే రంగు ఎంత ఎదిగితే దాని తరువాతి ముక్క మీద ఆశ అంత పెరుగుతుంది, ఆరు దగ్గర అది ఒక్కసారిగా ఆగిపోతుంది. నష్టం వైపు కూడా ఇదే నడక. అక్కరలేని రంగు కొత్తగా ఒకటి వస్తే పోయేది 1 మాత్రమే, కానీ అప్పటికే ఒకటి ఉన్న అక్కరలేని రంగులో రెండోది వస్తే మరో 2 పోతాయి, మూడోది వస్తే మరో 3. కాబట్టి చెత్త తప్పనిసరిగా ఎత్తుకోవలసి వస్తే, ఒకే రంగు చెత్త కంటే రకరకాల రంగుల చెత్త మేలు. మొదటిసారి ఆడేవారికి ఇది తోచదు. చేతిలో ఇప్పటికే ఉన్న రంగే కదా అని దాన్నే మళ్లీ ఎత్తుకుంటారు. రెండో ఆటకల్లా పిల్లలకు ఇది తెలిసిపోతుంది. తెలిసిన క్షణం వారి ముఖాల్లో కనిపించే వెలుగు చూడడం నాకు గెలుపు కంటే ఇష్టం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఆటలో ఎదుటివారి ముక్కను లాక్కునే వీలు లేదు, వారి వంతు రద్దు చేసే ముక్క లేదు, ఎవరినీ ఆట మధ్యలో బయటకు పంపే నియమం లేదు. మనం చేయగలిగింది కట్ట మీద నుంచి ఒక ముక్క తీసి ఒక వరసలో పెట్టడం మాత్రమే. ఏ ముక్క వస్తుందో మన చేతిలో లేదు, ఎక్కడ పెట్టాలో మాత్రం పూర్తిగా మన ఇష్టం. పోటీ అంతా ఈ ఇరుకైన సందులోనే జరుగుతుంది.

నా దగ్గర పచ్చవి మూడు ఉన్నాయనుకోండి. నా తరువాత మా తమ్ముడి వంతు. వాడికి లాభమిచ్చే మూడు రంగుల్లో పచ్చ ఒకటి, అవి వాడి దగ్గర రెండు ఉన్నాయి, తక్కిన రెండు రంగులవి మూడేసి ఉన్నాయి. మట్టి రంగువి కూడా రెండు ఉన్నాయి, అవి వాడికి నష్టం. నేను కట్ట నుంచి తీసిన ముక్క పచ్చది. నేల మీద ఒక వరసలో పచ్చ ఒకటి, కొసరు ఒకటి ఉన్నాయి. మరొక వరసలో మట్టి రంగు ఒక్కటే ఉంది. ఆశ పడితే నేను ఈ పచ్చను మొదటి వరసలో పెడతాను. అప్పుడు ఆ వరస విలువ నాకు 4, 5, 2 కలిసి 11 అవుతుంది, చూడడానికి నోరూరిపోతుంది. కానీ నా వంతు మళ్లీ రావడానికి ముందు మరో ముగ్గురు ఆడాలి. మా తమ్ముడికి కూడా ఆ వరస పచ్చలతో 3, 4, కొసరుతో 2, మొత్తం 9 తెస్తుంది కాబట్టి వాడు ఆలోచించకుండా ఎత్తుకుంటాడు. అదే పచ్చను మట్టి రంగు పక్కన పెడితే నాకు 4 వచ్చి 1 పోయి 3 మిగులుతుంది. తమ్ముడికి మాత్రం ఆ మట్టి రంగు మూడోది అవుతుంది కాబట్టి 3 నష్టం, పచ్చతో వచ్చే 3 దానికే సరిపోయి ఏమీ మిగలదు. వాడు ఆ వరస జోలికి రాడు. తక్కిన ఇద్దరికీ అది అంత రుచించకపోతే నా వంతు వచ్చేవరకు నా కోసమే అక్కడ ఉంటుంది. 11 వచ్చే వరసను కట్టడం కంటే, ఎవరికీ పట్టని 3 వచ్చే వరసను కట్టడం మంచి ఆట. ఇతరుల ముందు పరచిన ముక్కలను చదవకుండా, అంటే వారికి ఏది తీపి, ఏది చేదు అని తెలుసుకోకుండా, ఈ పని చేయలేము. కాబట్టి తేలిక ఆట అనుకున్నది నెమ్మదిగా నలుగురు మనుషులను ఒకేసారి గమనించే ఆట అవుతుంది.

వరసలో మూడో ముక్క పెట్టడం మరీ గడుసు వ్యవహారం. ఒక వరసలో రెండు మంచి ముక్కలు పడి ఉన్నాయి, ఎదురుగా ఉన్న మా అక్కకు అవి రెండూ కావాలి, ఆమె మూడో మంచి ముక్క కోసం ఎదురుచూస్తోంది. నేను తీసిన ముక్క ఆమెకు నష్టం తెచ్చే రంగయితే దాన్ని అక్కడే పెట్టి ఆ వరసను మూసేస్తాను. ఆమె నుంచి నేను ఏమీ తీసుకోలేదు, ఆమె ముక్కలను ముట్టుకోలేదు. ఆమె ఒక్క వంతు ముందుగా చేయి చాపి ఉంటే ఆ రెండూ శుభ్రంగా ఆమెవే అయ్యేవి. అందుకే ఈ ఆటలో ఓడిపోయిన వారికి కోపం కంటే ‘ఇంకొంచెం ముందే ఎత్తుకుని ఉండాల్సింది’ అన్న ఆలోచన ఎక్కువగా వస్తుంది. మళ్లీ ఒక ఆట వేయమని అడిగేలా చేసేది ఆ ఆలోచనే.

ముందే ఎత్తుకోవడంలో మా అవ్వను మించినవారు ఇంట్లో లేరు. ఒకే ఒక్క ముక్క పడిన వరసను కూడా, అది తన రంగయితే, రౌండు మొదట్లోనే ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ‘అవ్వా, ఆగు, ఇంకో ముక్క పడనీ’ అని మనవడు బతిమాలితే, ‘పడేది నాకు మంచిదని నీకెవురు చెప్పినారు అబ్బయా?’ అంటుంది. ఆమె మాటలో ఉన్న లెక్కను నేను తరువాత కాగితం మీద వేసి చూశాను. నలుగురి ఆటలో మొత్తం 76 ముక్కలు. నా మూడు రంగులవి 27, కొసరు 10, జోకర్లు 3, కలిపి 40 నాకు మేలు చేసేవి. మిగిలిన 36 కీడు చేసేవి. పైపైన చూస్తే ఆగడమే లాభం అనిపిస్తుంది, సగానికి పైగా ముక్కలు మనవే కదా. కానీ ఆ ముక్క ఏ వరసలో పడాలో నిర్ణయించేది మనం కాదు. మంచి ముక్క బయటపడితే తీసినవారు దాన్ని తమకు పనికొచ్చే చోట పెట్టుకుంటారు, చెడ్డది బయటపడితే మనం చూస్తున్న వరసలోనే పెడతారు. కాబట్టి ఆగినందువల్ల మంచి జరిగే అవకాశం ఆ అంకెలు చెప్పే దానికంటే చాలా తక్కువ. అవ్వ కాగితం, కలం పట్టకుండానే దీన్ని పట్టుకుంది.

అయితే ఎప్పుడూ ముందే ఎత్తుకోవడం కూడా గెలిపించదు. నలుగురి ఆటలో ముక్కలు పంచాక కట్టలో 72 మిగులుతాయి. అడుగున ఉన్న 15 పోగా ఆఖరి రౌండు ముక్కకు ముందు 57 ఉంటాయి. ఒక రౌండులో ఎక్కువలో ఎక్కువ 12 ముక్కలు పడతాయి కనుక ఆట అయిదు రౌండ్ల కంటే ముందు ముగియదు. అందరూ తొందరపడి చిన్న వరసలే ఎత్తుకుంటుంటే రౌండ్లు పెరుగుతాయి, ఒక్కరు మాత్రం ఓపిక పట్టి చివరిదాకా మిగిలితే వారికి ఒక ప్రత్యేకమైన సౌకర్యం దొరుకుతుంది. తక్కిన ముగ్గురూ తప్పుకున్నాక మిగిలిన ఆ వరసలో ముక్కలు పెట్టేది తామొక్కరే కాబట్టి, మూడు నిండేవరకు తీయాలా, ఆగాలా అన్నది పూర్తిగా వారి చేతిలోనే ఉంటుంది. అడ్డుకునేవారు లేరు. మా తమ్ముడు ఇలాగే చివరన మిగిలి పెద్ద చేతులు కూడగడతాడు, ఒక్కోసారి వరసగా చెత్త పడి అడుగంటుతాడు. అవ్వ పద్ధతికీ వాడి పద్ధతికీ మధ్య ఎక్కడో గెలుపు ఉంటుంది. ఆ చోటు బల్ల చుట్టూ కూర్చున్న మనుషులను బట్టి మారుతుంటుంది కాబట్టే, ఎన్ని మధ్యాహ్నాలు ఆడినా ఆట పాతబడలేదు.

జంతువులతో ఆడే ఆటలు మన వైపు వారికి కొత్త కాదు. గుడి మండపాల బండల మీద, రచ్చబండల మీద పులి–మేక గళ్లు చెక్కి ఉండడం చూసినవారు చాలామంది ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకి తింటుంది, మేకలు కలిసి పులిని కట్టేస్తాయి. అది గొప్ప ఆట, కానీ ఇద్దరికే. పిల్లల పేకాటలో గాడిద ఉంది. చివర చేతిలో ముక్కలు మిగిలినవారే గాడిద. ఆ ఆటలో నవ్వు ఉంది కానీ ఆ నవ్వంతా ఒక్కరి మీద పడుతుంది, మా ఇంట్లో చిన్నవాడు గాడిద అయిన రోజు అన్నం తినకుండా పడుకున్నాడు. ఊసరవెల్లుల ఆటలో ఆఖరున వచ్చినవారి దగ్గర కూడా ఎంతో కొంత లెక్క ఉంటుంది, వారి మూడు రంగులు వారి ముందు చక్కగా పేర్చి ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ తేడా చాలా పెద్దది.

బొమ్మల వల్ల జరిగిన ఇంకో మంచిని చెప్పాలి. ముక్కల మీది ఊసరవెల్లిని చూసిన పిల్లలు అసలైనదాని గురించి అడగడం మొదలుపెట్టారు. మన దేశపు ప్రధాన భూభాగంలో ఉండే నిజమైన ఊసరవెల్లి ఒకే జాతి. దక్షిణాదిలోని ఎండు అడవుల్లో, ముళ్లపొదల్లో బతుకుతుంది. వెలిగొండల వైపు పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లు దాన్ని చూసినట్లు చెబుతారు. కంచె మీద తల ఊపే తొండను చూపించి ఊసరవెల్లి అనడం కూడా మన దగ్గర ఉంది, కానీ రెండూ వేరు. ఊసరవెల్లి రెండు కళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు దిక్కులు చూడగలవు, నాలుక ఒంటి పొడవును మించి సాగుతుంది. అది ఆటలోలా ఏడు రంగులూ మారదు. మన జాతిది పచ్చ, పసుపు, గోధుమ ఛాయల మధ్యనే మారుతుంది. చుట్టూ ఉన్నదానిలో కలిసిపోవడానికే మారుతుందని అందరూ అనుకుంటారు గాని, వేడి, భయం, కోపం, జత కోసం పోటీ వంటివి అందుకు ముఖ్యమైన కారణాలు. మడగాస్కర్‌లోని ఒక జాతిని పరిశీలించిన జెనీవా శాస్త్రవేత్తలు, దాని చర్మకణాల్లోని అతి సూక్ష్మమైన స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతున్నదని 2015లో చూపించారు. నిజానికి అది చాలా నెమ్మదిగా నడిచే, ఎవరికీ హాని చేయని ప్రాణి. అపశకునమనీ విషమనీ భయపడి దాన్ని రాళ్లతో కొట్టడం పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. మా పిల్లలు ఇక దాని మీద రాయి వేయరన్న నమ్మకం నాకుంది.

ఆటలో లోపాలు లేవని అనను. అయిదుగురు ఆడితే మన వంతు రావడానికి పట్టే సమయం ఎక్కువవుతుంది. రౌండు మొదట్లోనే వరస ఎత్తుకున్నవారు తక్కినవారు తేల్చుకునేవరకు ఊరికే కూర్చోవాలి, చిన్నపిల్లలకు అది కష్టం. ముగ్గురు లేదా నలుగురే దీనికి సరైన సంఖ్య. ముగ్గురే ఉంటే ఒక రంగును పూర్తిగా తీసి పక్కన పెట్టాలి. జోకర్లు ఒక్కరి దగ్గరికే చేరితే తక్కినవారు ఎంత బాగా ఆడినా వెనకబడే అవకాశం ఉంది. దాన్ని నేను పెద్ద దోషంగా లెక్కించను, ఎందుకంటే జోకరు ఉన్న వరస ఎవరికైనా కనపడుతూనే ఉంటుంది, దాన్ని చెడగొట్టే వీలు అందరికీ ఉంటుంది. కరెంటు పోయి ఛార్జింగ్ లైటు వెలుగులో ఆడితే మాత్రం పసుపు, నారింజ రంగులను వేరు చేయడం కష్టమవుతుంది.

మన ఎండాకాలానికి తగ్గ ఏర్పాట్లు కొన్ని చేసుకోవాలి. సీలింగ్ ఫ్యాను కింద చాప మీద ఆడితే ముక్కలు ఎగిరిపోతాయి. ఫ్యాను ఆపితే మనుషులు ఆగలేరు. తుమ్మలపెంట సముద్రపు ఒడ్డున పిల్లలు ఏరుకొచ్చిన గవ్వలు ఒక్కో వరస మీద ఒకటి పెట్టడంతో ఆ చిక్కు తీరింది. మలైకాజా తిన్న చేతులతో ముక్కలు పట్టకూడదన్న నియమం మా అక్క పెట్టింది, పాకం అంటిన ముక్క కట్టలో ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది మరి.

కొంతకాలం ఆడి చేయి తిరిగినవారికి లెక్క పట్టిక రెండో వైపు ఇంకో పద్ధతి ఉంది. అందులో ఒక రంగుకు వరసగా 1, 4, 8, 7, 6, 5. అంటే మూడు ముక్కల దగ్గర విలువ అత్యధికంగా ఉండి, అంతకు మించి పోగుచేస్తే తగ్గుతూ వస్తుంది. ఆరు ముక్కల మీద ఆశ పెట్టుకునే మా తమ్ముడి ఆట ఈ పద్ధతిలో పూర్తిగా తలకిందులవుతుంది. మన చేతిలో ఇప్పటికే మూడు ఉన్న రంగును ఎదుటివారు మన మీదకు నెట్టడం ఇందులో ఒక ఎత్తుగడ అవుతుంది కాబట్టి పోటీ మరింత గట్టిగా ఉంటుంది. పిల్లలతో మాత్రం మొదటి పద్ధతే మంచిది. షాఖ్ట్ తరువాత ఇదే కిటుకును పెద్దది చేసి, వరసల బదులు బండ్లు, ఊసరవెల్లుల బదులు జంతుప్రదర్శనశాలలోని మృగాలు పెట్టి జూలొరెట్టో అనే ఆట తయారు చేశారు. దానికి 2007లో జర్మనీలో ఏటా ఇచ్చే ‘ష్పీల్ దెస్ యారెస్’ బహుమతి వచ్చింది. బహుమతి పెద్దదానికి వచ్చినా, చిన్న కట్టలోని బిగువు నాకు ఎక్కువ నచ్చుతుంది. చొక్కా జేబులో పట్టే ఆటలో ఒక్క ముక్క కూడా అనవసరమైనది లేదు.

కావలిలోనూ ఒంగోలులోనూ ఈ ఆట దుకాణంలో దొరకడం నేను చూడలేదు. కావలసినవారు పెద్ద నగరాల నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. పిల్లలకు వెంటనే ఆడాలని ఉంటే ఇంట్లోనే తయారు చేసుకునే వీలుంది. మా మేనల్లుడు ఊరికి వెళ్లేముందు స్టేషనరీ దుకాణంలో ఒకే రకం తెల్ల డ్రాయింగు అట్టలు కొని, 76 సమానమైన ముక్కలు కోసి, ఏడు రంగుల స్కెచ్ పెన్నులతో ఒక్కో రంగుకు తొమ్మిది ఊసరవెల్లులు గీసుకున్నాడు. రంగు వెనక్కి కనిపించకుండా ఉండడానికి అట్ట మందంగా ఉండాలి, మందంగా ఉంటే పేక కలిపినట్లు చేతిలో కలపడం కుదరదు. అందుకు వాడు ముక్కలన్నీ బోర్లించి చాప మీద పరిచి, రెండు అరచేతులతో గుండ్రంగా తిప్పి, తరువాత కట్టగా పేరుస్తాడు. ఆఖరి రౌండు ముక్కగా పాత రైలు టిక్కెట్టు వాడుతున్నాడు, అడుగు నుంచి పదిహేను లెక్కపెట్టి దాన్ని వాటి పైన పెడతాడు.